కడుపు క్యాన్సర్: ఆపరేషన్‌కు ముందు ఒంటి బలం ఎంతుండాలి?

కడుపు క్యాన్సర్ ఆపరేషన్‌కు సిద్ధమవుతున్నవారి ఇళ్ల నుంచి వచ్చే ఉత్తరాల్లో సగానికి పైగా తిండి గురించే ఉంటున్నాయి. అందుకే ఈసారి శీర్షిక మొత్తం వాటికే. సర్జన్, డైటీషియన్ కలిసి ఇచ్చిన జవాబులివి.

ప్రశ్న: మా నాన్నగారికి 62 ఏళ్లు, ఎత్తు 165 సెంటీమీటర్లు. నాలుగు నెలల కిందట 64 కిలోలుండేవారు, ఇప్పుడు 55. కడుపులో క్యాన్సర్ అన్నారు. ఆపరేషన్‌కు తేదీ ఇచ్చి, తూకం చూశాక "ముందు ఒళ్లు పుంజుకోవాలి" అంటూ రెండు వారాలు వాయిదా వేశారు. ఈలోగా జబ్బు ముదిరిపోదా?

జవాబు: మీ నాన్నగారు తగ్గింది 9 కిలోలు. 64లో 9 అంటే 14 శాతం. ఇది చిన్న సంఖ్య కాదు. ఆరు నెలల్లో 10 నుంచి 15 శాతం మించి బరువు తగ్గడం, బీఎంఐ (ఎత్తుతో పోల్చి బరువును చూపే లెక్క) 18.5 కంటే తక్కువ ఉండటం, కాలేయం, కిడ్నీలు బాగానే ఉన్నా రక్తంలో అల్బుమిన్ (కాలేయం తయారుచేసే ఒక ప్రొటీన్) డెసిలీటరుకు 3 గ్రాముల కంటే తగ్గిపోవడం... వీటిలో ఏ ఒక్కటి ఉన్నా యూరప్ పోషకాహార వైద్యుల సంఘం ఎస్పెన్ దాన్ని "తీవ్రమైన పోషకాహార ముప్పు" కింద లెక్కేస్తుంది. అలాంటివారికి పెద్ద ఆపరేషన్‌కు ముందు 7 నుంచి 14 రోజులు పోషణ చికిత్స ఇవ్వాలనీ, క్యాన్సర్ ఆపరేషన్ అయినా అందుకోసం ఆపవచ్చనీ ఆ సంఘం స్పష్టంగానే చెబుతోంది. మీ సర్జన్ చేసింది అదే.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. మీ నాన్నగారి బీఎంఐ ఇప్పుడు 20 దాటే ఉంది. కాగితం మీద "నార్మల్". కేవలం బీఎంఐ చూసి సరిపెట్టుకుంటే ఈయన జల్లెడలోంచి జారిపోయేవారు. ఇప్పుడెంత ఉన్నారన్న దానికంటే, ఎంత కాలంలో ఎంత పోగొట్టుకున్నారన్నదే ఎక్కువ చెబుతుంది.

జబ్బు ముదరడం గురించి: కడుపు గోడలో కణితి ఈ స్థాయికి రావడానికి నెలలు, ఏళ్లు పట్టి ఉంటుంది. రెండు వారాల్లో దాని దశ మారిపోవడం సాధారణంగా జరగదు. బలహీనమైన ఒంటి మీద కత్తి పెడితే మాత్రం నష్టం వారంలోనే కనిపించవచ్చు. కుట్టిన చోట లీకవడం, గాయానికి చీము పట్టడం, దగ్గే శక్తి లేక ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరడం. ఇవొస్తే ఆసుపత్రిలో ఉండాల్సిన రోజులు పెరుగుతాయి. అంతకంటే ముఖ్యంగా, ఆపరేషన్ తర్వాత ఇవ్వాల్సిన కీమో ఆలస్యమవుతుంది, ఒక్కోసారి అసలు ఇవ్వలేకపోతారు. ఎంతకాలం బతుకుతారన్న దానిమీద పోషణ ప్రభావం చూపే దారుల్లో ఇదొక ముఖ్యమైన దారి.

కణితి నుంచి రక్తం ధారగా పోతున్నా, కడుపుకు రంధ్రం పడినా ఈ లెక్కలేవీ వర్తించవు. అప్పుడు వెంటనే చేయాల్సిందే.

ప్రశ్న: మా పెద్దక్క రిపోర్టు మీద డాక్టరు గారు పెన్నుతో "పీఎన్‌ఐ 41" అని రాసి చుట్టూ సున్నా చుట్టారు. అడిగితే "కొంచెం తక్కువ" అన్నారంతే. అదేమిటో లెక్కతో సహా చెప్పగలరా?

జవాబు: పీఎన్‌ఐ అంటే రెండు రక్తపరీక్షలను కలిపి వేసే పోషణ సూచీ. ఇప్పుడు వాడుతున్న సూత్రం జపాన్‌కు చెందిన ఒనోడెరా బృందం 1984లో ఇచ్చింది. అల్బుమిన్‌ను (డెసిలీటరుకు గ్రాముల్లో) 10తో గుణించాలి. లింఫోసైట్ల సంఖ్యను (ఘనపు మిల్లీమీటరుకు) 0.005తో గుణించాలి. రెండూ కూడాలి.

ఉదాహరణకు అల్బుమిన్ 3.4 అనుకుందాం. పదింతలు చేస్తే 34. తెల్లకణాలు 7,000, అందులో లింఫోసైట్లు 20 శాతం అంటే 1,400. దాన్ని 0.005తో గుణిస్తే 7. మొత్తం 41. మీ అక్కగారి అంకెలు వేరుగా ఉండవచ్చు గానీ పద్ధతి ఇదే.

ఇంట్లో లెక్క వేసుకునేవారు రెండు చోట్ల తప్పుతారు. కొన్ని ల్యాబులు అల్బుమిన్‌ను లీటరుకు గ్రాముల్లో ఇస్తాయి, అంటే 34 అని ఉంటుంది. దాన్ని మళ్లీ పదితో గుణించకూడదు. రెండోది, లింఫోసైట్ల శాతాన్నే సూత్రంలో పెట్టేయడం. కావాల్సింది శాతం కాదు, అసలు సంఖ్య.

మొదట్లో ఒనోడెరా బృందం పెట్టిన గీతలు ఇలా ఉండేవి: 45 అంతకు మించి ఉంటే పేగు కోసి కుట్టడం క్షేమం, 40కి దిగితే అలాంటి ఆపరేషన్ వద్దు, మధ్యలో ఉంటే జాగ్రత్త. తర్వాత వచ్చిన పరిశోధనలు ఒక్కోటి ఒక్కో గీత గీశాయి. అందుకే 44 ఒక చోట "తక్కువ", మరో చోట "ఎక్కువ". అంకె కంటే దాని నడక ముఖ్యం. మూడు వారాల్లో 41 నుంచి 44కి వస్తే అది శుభవార్తే, గీత ఎక్కడున్నా సరే.

అంకె పడిపోవడానికి తిండి లేకపోవడమే కారణం కానక్కర్లేదు. ఒంట్లో ఇన్‌ఫెక్షన్ గానీ వాపు ప్రక్రియ గానీ ఉంటే కాలేయం అల్బుమిన్ తయారీ తగ్గించేస్తుంది. అందుకే పక్కనే సీఆర్‌పీ (ఒంట్లో వాపు ప్రక్రియను పట్టి చూపే రక్తపరీక్ష) చూడాలి. వాంతులు తగ్గడానికి ఇచ్చే డెక్సామెథాసోన్, కీమో మందులు లింఫోసైట్లను తగ్గిస్తాయి. కీమో ఇచ్చిన వారానికి తీసిన రక్తంతో పీఎన్‌ఐ వేసి బెంగపడటం దండగ.

"కోనట్" అని ఇంకో లెక్క కూడా వాడుకలో ఉంది. 2005లో స్పెయిన్ వైద్యులు ఇచ్చారు. అందులో అల్బుమిన్, లింఫోసైట్లతో పాటు కొలెస్ట్రాల్ కూడా చూస్తారు. 12 మార్కుల్లో ఎంత ఎక్కువొస్తే పోషణ అంత అధ్వానం. 5 నుంచి 8 దాకా వస్తే మధ్యస్థం, 9 అంతకు మించి వస్తే తీవ్రం. ఇందులో కొలెస్ట్రాల్ మాత్రలు వేసుకునేవారికి ఉత్త పుణ్యానికి మార్కులు పెరిగిపోతాయి. ఆ మాత్ర సంగతి డాక్టరుకు చెప్పండి.

ప్రశ్న: అల్బుమిన్ తక్కువ ఉంటే అల్బుమిన్ సీసాలు ఎక్కించేస్తే సరిపోదా?

జవాబు: సరిపోదు. రిపోర్టులో అంకె పెరుగుతుంది, ఒంట్లో కండ పెరగదు. అల్బుమిన్ ఇక్కడ ఒంటి పరిస్థితిని చూపించే సూచిక మాత్రమే, ఆ పరిస్థితికి కారణం కాదు. ఎక్కించింది కొద్ది రోజుల్లో కరిగిపోతుంది. దానికి వేరే వైద్య అవసరాలు ఉన్నాయి, పోషణ వాటిలో లేదు.

ఇంకో సంగతి: ఒంట్లో తయారైన అల్బుమిన్ సగం తరగడానికే సుమారు 20 రోజులు పడుతుంది. కాబట్టి రెండు వారాలు బాగా తిన్నా ఆ అంకె పెద్దగా కదలకపోవచ్చు. "ఇంత తినిపించినా పెరగలేదే" అని నిరాశపడకండి. ఆ రెండు వారాల ఫలితం తూకంలో, నడకలో, చేతి పట్టులో ముందు కనిపిస్తుంది.

ప్రశ్న: రోజుకు ఎంత తినాలి, ఏం తినాలి? "బలమైన ఆహారం పెట్టండి" అని చెప్పి పంపారు. నాలుగు ముద్దలకే కడుపు నిండిపోయిందంటున్నారు. ఏం చేయాలో తోచడం లేదు.

జవాబు: "బలమైన ఆహారం" అన్న మాటతో ఎవరికీ ఒరిగేదేమీ లేదు. లెక్కతో చెబుతాం.

రోజుకు కిలో బరువుకు 25 నుంచి 30 కేలరీలు, 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రొటీన్ కావాలి. 55 కిలోల మనిషికి ఇది 1,375 నుంచి 1,650 కేలరీలు, 66 నుంచి 83 గ్రాముల ప్రొటీన్. కిడ్నీ జబ్బు ముదిరినవారికి ఈ ప్రొటీన్ లెక్క మారుతుంది. వాళ్ల డాక్టరు చెప్పినట్టే చేయాలి.

కేలరీలు ఎలాగో సర్దుకోవచ్చు, ప్రొటీన్ దగ్గరే ఇబ్బంది. ఒక గుడ్డులో 6 గ్రాములు. 200 మిల్లీలీటర్ల పాలలో ఆరున్నర. ఉడికిన కోడిమాంసం 100 గ్రాముల్లో 27 దాకా. చేపలో దానికంటే కాస్త తక్కువ. రోజంతా జావలు, పళ్లరసాలు, పలుచటి సూపులతో గడిపే మనిషికి 20 గ్రాములు కూడా అందవు. "తేలిగ్గా అరుగుతుంది" అన్న ఒక్క కారణంతో ఇళ్లలో ఇవే పెడతారు. కడుపు నిండుతుంది, కండ కరుగుతుంది.

నాలుగు ముద్దలకే నిండిపోతోందంటే ముద్దను పెద్దది చేయడం కుదరదు. ఉన్న ముద్దలోనే సరుకు పెంచాలి. ఒక గ్లాసుతో చూపిస్తాం. 200 మిల్లీలీటర్ల చిక్కటి పాలు తీసుకోండి. అందులో 30 గ్రాముల వెన్న తీసిన పాలపొడి ఉండలు కట్టకుండా గిలకొట్టండి. ముందు కొద్దిపాటి గోరువెచ్చని పాలలో పొడిని ముద్దలా కలిపి, తర్వాత మిగతా పాలు పోస్తే ఉండ కట్టదు. పైన ఒక పెద్ద చెంచా వేరుశనగ ముద్ద కలపండి. వేరుశనగ పడనివారు దాన్ని మానేయాలి. గ్లాసు పరిమాణం పెద్దగా మారదు గానీ, ప్రొటీన్ ఆరున్నర నుంచి 20 గ్రాముల దగ్గరికి, కేలరీలు 130 నుంచి 320కి పైకి చేరతాయి. దీన్ని గటగటా తాగకూడదు. అరగంట సేపు గుటక గుటకగా తాగించండి. ఒక్కసారిగా తాగితే కడుపు ఉబ్బి తర్వాతి భోజనం పోతుంది. పాలు పడక విరేచనాలయ్యేవారు పెరుగుతో గానీ, పాల చక్కెర లేని తయారీ పొడులతో గానీ అదే పని చేయవచ్చు.

మందుల షాపులో దొరికే పోషక ద్రవాలు, పొడులు కూడా బాగా పనికొస్తాయి. మామూలువి మిల్లీలీటరుకు 1 కేలరీ ఇస్తాయి, చిక్కటివి 1.5 నుంచి 2.4 దాకా. తక్కువ తాగగలిగేవారికి చిక్కటివే మేలు. అయితే ఇవి భోజనానికి అదనం. మధ్యాహ్నం తిండి మాన్పించి గ్లాసు చేతిలో పెడితే లాభం లేదు. భోజనాల మధ్య, పడుకునే ముందు ఇవ్వండి. డబ్బా మీద రాసిన నీళ్ల కొలతకు మించి పలుచన చేయవద్దు. "చిక్కగా ఉంది" అని సగానికి సగం నీళ్లు కలపడం చాలా ఇళ్లలో జరిగే పొరపాటు.

మిగతావి గబగబా: రోజుకు మూడు పెద్ద భోజనాలకు బదులు ఆరు చిన్నవి. నీళ్లు తిండితో పాటు కాకుండా, అరగంట ముందో వెనకో. పచ్చి కూరలు, పొట్టు, పీచు ఎక్కువున్నవి ఈ కొద్ది వారాలు తగ్గించవచ్చు. చోటు తినేస్తాయి, ఇరుకు ఉన్నచోట అడ్డం కూడా పడతాయి. వాంతి మాత్ర తిండికి అరగంట ముందు పడాలి, తిన్నాక వేస్తే ప్రయోజనం సగమే. నొప్పి మాత్రల వల్ల మలబద్ధకం వచ్చి ఆకలి చచ్చిపోవడం చాలామందికి జరుగుతుంది. ఆకలి మందు అడిగే ముందు విరేచనం సంగతి అడగండి.

ఏం తిన్నారో మూడు రోజులు కాగితం మీద రాయండి. "బాగానే తింటున్నారు" అన్న మాటకూ, ఆ కాగితానికీ పొంతన ఉండదు. మామూలుగా తినేదాంట్లో సగం కూడా వారానికి మించి తినలేకపోతుంటే, తూకం ఇంకా తగ్గకపోయినా సరే, వెంటనే చెప్పాల్సిన విషయమది.

ప్రశ్న: మా ఆయనకు షుగర్ ఉంది. "తీపి తింటే క్యాన్సర్ పెరుగుతుంది, కడుపు మాడిస్తే కణితి ఎండిపోతుంది" అని బంధువులు చెబుతున్నారు.

జవాబు: కణితి ఎండిపోదు, మనిషి ఎండిపోతాడు. తిండి మానేస్తే కణితి తనకు కావాల్సింది ఒంట్లోని కండను కరిగించుకుని అయినా తీసుకుంటుంది. షుగర్ ఉన్నవారి విషయంలో ఆపరేషన్ ముందు తిండి కోసేయడం కాకుండా, తిండికి తగ్గట్టు మందులు, ఇన్సులిన్ సర్దాలి. షుగర్ అదుపులో లేకపోతే గాయం మానదు కాబట్టి అదుపు తప్పనిసరి. కానీ ఆ అదుపును ఆకలితో సాధించవద్దు.

ప్రశ్న: అమ్మకు కడుపు చివరి భాగంలో కణితి. ఏం తిన్నా సాయంత్రానికి వాంతి. నిన్న తిన్నది కూడా ఇవాళ పడుతోంది. పది రోజులుగా దాదాపు ఏమీ లోపలికి పోలేదు. ముక్కులోంచి గొట్టం వేస్తామంటున్నారు. సెలైన్ ఎక్కిస్తే చాలదా?

జవాబు: మీరు చెప్పింది కడుపు దారి మూసుకుపోయిన లక్షణం. మామూలు సెలైన్‌లో నీళ్లు, లవణాలే ఉంటాయి. గ్లూకోజు సీసా, అంటే 5 శాతం గ్లూకోజు లీటరులో 50 గ్రాముల చక్కెర ఉంటుంది. అదంతా కలిపి 200 కేలరీలు దాటదు. ప్రొటీన్ సున్నా. వాంతుల్లో పోయిన నీరు, ఉప్పు, పొటాషియం సరిచేయడానికి సీసా అవసరమే, పోషణకు మాత్రం కాదు.

గొట్టం సాధారణంగా ఎండోస్కోపీ సాయంతో కణితి ఇరుకును దాటించి చిన్నపేగులోకి వేస్తారు. అక్కడ నేరుగా పోషక ద్రవం పడుతుంది కాబట్టి వాంతి ద్వారా బయటికి రాదు. మొదట గంటకు 10 నుంచి 20 మిల్లీలీటర్లతో మొదలుపెట్టి, కడుపు ఉబ్బరం, విరేచనాలు చూసుకుంటూ పెంచుతారు. చిన్నపేగుకు సంచిలా నిల్వ చేసుకునే గుణం లేదు. అందుకే సిరంజీతో ఒక్కసారిగా తోయకుండా పంపుతో గానీ, చుక్కలుగా గానీ ఇవ్వాలి. ప్రతి నాలుగు గంటలకూ, ప్రతి మందు తర్వాతా 20 నుంచి 30 మిల్లీలీటర్ల నీళ్లతో గొట్టం కడగండి. పొడి చేసిన మాత్రలు, ఇంట్లో గిలకొట్టిన చిక్కటి ద్రవాలు ఆ సన్నటి గొట్టాన్ని మూసేస్తాయి. మూసుకుపోతే మళ్లీ ఎండోస్కోపీయే. గొట్టం దాటించడం కుదరనప్పుడే పెద్ద సిర ద్వారా పోషణ. దానికి ఇన్‌ఫెక్షన్ భయం ఎక్కువ కాబట్టి అది రెండో దారి.

పది రోజులు తినని మనిషికి ఒక్కసారిగా పూర్తి మోతాదు పోషణ ఇవ్వడం ప్రమాదం. ఆకలికి అలవాటుపడిన ఒంట్లోకి పిండి పదార్థం హఠాత్తుగా దిగితే ఇన్సులిన్ ఎగసి, రక్తంలోని ఫాస్ఫేట్, పొటాషియం, మెగ్నీషియం కణాల్లోకి దూసుకుపోతాయి. గుండె లయ తప్పవచ్చు, ఊపిరి కండరాలు నీరసించవచ్చు. అందుకే ఇలాంటివారికి మొదట కిలోకు 10 కేలరీలే, అంటే 50 కిలోల మనిషికి రోజుకు 500 మాత్రమే ఇచ్చి, నాలుగు నుంచి ఏడు రోజుల్లో పూర్తి లెక్కకు చేరుస్తారు. మొదటి చుక్క పోషణకు ముందే థయమిన్, అంటే బి1 విటమిన్ పడాలి. మొదటి రోజుల్లో రోజూ ఆ మూడు లవణాల పరీక్ష జరగాలి. "ఇంత తక్కువ ఇస్తున్నారేమిటి" అని మీరు తొందరపెట్టవద్దు. ఈ ఒక్క చోట మాత్రం నిదానమే మంచిది.

ప్రశ్న: అత్తగారు 78 కిలోలు, లావుగానే ఉంటారు. ఆమెకు కూడా పోషణ తక్కువ అంటున్నారు. నమ్మబుద్ధి కావడం లేదు.

జవాబు: నమ్మండి. కొవ్వు అలాగే ఉండి లోపల కండ కరిగిపోవడం కడుపు క్యాన్సర్‌లో మామూలే. ఇలాంటివారిలో తూకం యంత్రం కంటే సీటీ స్కాన్ ఎక్కువ చెబుతుంది. నడుము దగ్గర మూడో వెన్నుపూస ఎత్తులో తీసిన ఒక్క చిత్రంలో కండ ఎంత వైశాల్యం ఉందో కొలిచి, ఎత్తుతో పోల్చి లెక్క వేస్తారు. జబ్బు దశ కోసం ఎలాగూ స్కాన్ తీస్తారు కాబట్టి దీనికి వేరే పరీక్ష అక్కర్లేదు. కండ తక్కువున్నవారికి ఆపరేషన్ చిక్కులూ, కీమో దుష్ప్రభావాలూ ఎక్కువని, ఆయుష్షు తక్కువని వరుసగా పరిశోధనలు వస్తున్నాయి.

ఇంట్లో చేయగల పరీక్ష ఒకటుంది. చేతులు ఛాతీ మీద కట్టుకుని, కుర్చీలోంచి ఐదుసార్లు పూర్తిగా లేచి కూర్చోమనండి. పక్కన మనిషి ఉండాలి. 12 సెకన్లు, అంతకు మించి పడితే కాళ్ల కండ నీరసించినట్టే. ఆసుపత్రిలో చేతి పట్టు కొలిచే పరికరం ఉంటే, ఆసియా వాసులకు 2019లో పెట్టిన గీత మగవారికి 28 కిలోలు, ఆడవారికి 18. అంతకంటే తక్కువ ఉంటే బలహీనం.

ఇక కాళ్ల వాపు గానీ, పొట్టలో నీరు గానీ ఉంటే తూకం పూర్తిగా మోసం చేస్తుంది. కండ తగ్గుతూ నీరు పెరుగుతుంటే ముల్లు కదలదు.

ప్రొటీన్ ఒక్కటే తింటే కండ పెరగదు, దానికి పని చెప్పాలి. రోజూ అరగంట నడక, ఒకేసారి కుదరకపోతే పది నిమిషాల చొప్పున మూడుసార్లు. కుర్చీలోంచి పదేసి సార్లు లేవడం రోజుకు రెండు మూడు విడతలు. ఊపిరి బంతుల పరికరంతో దీర్ఘంగా గాలి పీల్చడం. పొగ తాగేవారైతే కనీసం నాలుగు వారాల ముందు మానేయాలి. వ్యాయామం తర్వాత గంటలోపు ప్రొటీన్ ఉన్న తిండి పెడితే మంచిది.

ప్రశ్న: రక్తం 8 గ్రాములే ఉంది. ఐరన్ మాత్రలు వేస్తే కడుపులో మంట.

జవాబు: కణితి నుంచి కంటికి కనబడకుండా రోజూ కొంచెం రక్తం పోతుంటుంది, అందుకే ఐరన్ అడుగంటుతుంది. వ్యవధి తక్కువ ఉన్నప్పుడు, మాత్రలు పడనప్పుడు ఐరన్‌ను సిరలోకి ఎక్కించడం మేలైన దారి. ఫలితం కనిపించడానికి రెండు మూడు వారాలు పడుతుంది కాబట్టి ఆపరేషన్ తేదీ ఖాయమైన రోజే అడగండి. రక్తం ఎక్కించడం ఎప్పుడన్నది మీ డాక్టరు లక్షణాలు, గుండె జబ్బు చూసి నిర్ణయిస్తారు. ఊరికే అంకె పెంచడానికి ఎక్కించరు.

ప్రశ్న: ముందు నాలుగు విడతల కీమో, తర్వాత ఆపరేషన్ అన్నారు. తిండి సంగతి ఆపరేషన్ దగ్గరపడ్డాక చూసుకుంటే చాలా?

జవాబు: చాలదు. ఇప్పుడు ఎక్కువమందికి ఇస్తున్న నాలుగు మందుల పద్ధతి, ఫ్లాట్ అంటారు, రెండు వారాలకొకసారి నాలుగు విడతలు. ఆ తర్వాత ఒంటికి నాలుగు నుంచి ఆరు వారాల విరామం. మొత్తం మీద దాదాపు మూడు నెలల సమయం చేతిలో ఉంటుంది. ఆపరేషన్‌కు రెండు వారాల ముందు హడావుడి పడేవారికి దొరకనిది ఇదే. మొదటి విడత రోజునే డైటీషియన్‌ను కలవండి.

ప్రతి వారం ఒకే రోజు, ఉదయం, బాత్రూముకు వెళ్లొచ్చాక, ఒకే రకం బట్టలతో, ఒకే యంత్రం మీద తూకం చూసి రాయండి. కీమో తర్వాత మూడు నాలుగు రోజులు తిండి పడిపోవడం మామూలే. తర్వాతి విడత వచ్చేసరికి పోయిన బరువు తిరిగి రావాలి. రాకుండా విడత విడతకూ కిలో చొప్పున దిగుతుంటే, నాలుగో విడత దాకా ఆగకుండా రెండో దానికే చెప్పండి. గొట్టం పోషణ, మందు మోతాదు మార్పు లాంటి దారులు అప్పుడు ఇంకా తెరిచి ఉంటాయి. కీమో మోతాదును ఎత్తు, బరువులతో లెక్కిస్తారు కాబట్టి బరువు బాగా మారితే ఆ సంగతి కూడా చూడాల్సిందే.

ప్రశ్న: పోషణ బాగుపడితే ఆయుష్షు నిజంగా పెరుగుతుందా? లేక జబ్బు ముదిరినవారే చిక్కిపోతారు కాబట్టి అలా కనిపిస్తుందా?

జవాబు: సరైన చోట వేలు పెట్టారు. జబ్బు దశ పెరిగేకొద్దీ ఒళ్లు చిక్కడం నిజం. ఆయుష్షును అన్నిటికంటే ఎక్కువగా నిర్ణయించేది దశే. అయితే జపాన్, కొరియా, చైనాల నుంచి వచ్చిన చాలా పరిశోధనల్లో, దశ, వయసు, ఆపరేషన్ రకం లెక్కలోకి తీసుకున్న తర్వాత కూడా ఆపరేషన్ ముందు పోషణ సూచీ తక్కువున్నవారు తక్కువ కాలమే బతికారు. కొన్నింటిలో తేడా క్యాన్సర్ తిరగబెట్టడం వల్లనే కాకుండా, నిమ్ము లాంటి ఇతర జబ్బుల మరణాల్లోనూ కనిపించింది.

కానీ ఇవి ఎక్కువగా పాత రికార్డులు తిరగేసి చేసినవి. తక్కువ సూచీ ఉన్నవారికి ముప్పు ఎక్కువని చెప్పడం ఒకటి, సూచీ పెంచితే ఆయుష్షు పెరుగుతుందని చెప్పడం మరొకటి. మొదటిదానికి రుజువు గట్టిగా ఉంది. రెండోదానికి, ఆపరేషన్ చిక్కులు తగ్గడం వరకు ఆధారాలు ఫర్వాలేదు. ఆయుష్షు దగ్గరికొచ్చేసరికి పలుచబడతాయి. ఆర్జినైన్, ఒమేగా-3 కొవ్వులు కలిపిన ప్రత్యేక పోషక ద్రవాల సంగతీ అంతే. ఐదు నుంచి ఏడు రోజులు ముందుగా ఇస్తే ఇన్‌ఫెక్షన్లు తగ్గవచ్చు, ఆయుష్షు పెంచుతాయని అమ్మేవారి మాట నమ్మనక్కర్లేదు. మామూలు ద్రవం సరిపడా తాగడం, ఖరీదైనది సగం తాగడం కంటే మేలు.

కాబట్టి "పీఎన్‌ఐ 41, మరి ఎన్నేళ్లు?" అన్న ప్రశ్నకు జవాబు ఆ అంకెలో లేదు. ఎవరికి ముందుగా, ఎక్కువగా సాయం కావాలో చెప్పడమే దాని పని.

ప్రశ్న: ఆపరేషన్ ముందు రోజు రాత్రి నుంచి నీళ్లు కూడా ముట్టకూడదా?

జవాబు: కడుపు దారి మామూలుగా ఉన్నవారికి ఆ పాత నియమం పోయింది. గట్టి తిండి ఆరు గంటల ముందు వరకు, పలుచటి నీళ్లలాంటి ద్రవాలు రెండు గంటల ముందు వరకు ఇవ్వవచ్చు. చాలాచోట్ల ముందు రాత్రి 800, ఉదయం 400 మిల్లీలీటర్ల పిండి పదార్థం కలిపిన పానీయం ఇస్తారు. ఉదయం దానిలో 50 గ్రాముల దాకా పిండి పదార్థం ఉంటుంది. పాలు, గుజ్జున్న రసాలు "పలుచటి ద్రవం" కిందకు రావు.

కానీ కడుపు దారి మూసుకుపోయినవారికి, తిన్నది గంటల తరబడి నిల్వ ఉండేవారికి ఇది వర్తించదు. మత్తు ఇచ్చేటప్పుడు లోపలున్నది ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికొస్తుంది. వాంతుల చరిత్ర ఉంటే మత్తు డాక్టరుకు మీరే గుర్తు చేయండి. షుగర్ ఉన్నవారు ఆ పానీయం గురించి విడిగా అడగాలి.

ప్రశ్న: ఆపరేషన్ అయిపోతే ఈ తిండి లెక్కలు ఇక అక్కర్లేదు కదా?

జవాబు: కడుపు మొత్తం తీసినవారు మొదటి కొద్ది నెలల్లోనే ఇంకో 10 నుంచి 20 శాతం బరువు కోల్పోవడం సాధారణం. కండ నిల్వ ముందే నింపుకొమ్మని చెప్పేది అందుకే. ఆపరేషన్ తర్వాత నెలలో 15 శాతం పైగా తగ్గినవారు, ఎస్-1 కీమో మాత్రలను అనుకున్నంతకాలం వేసుకోలేక మధ్యలో ఆపేస్తున్నారని జపాన్ పరిశోధనల్లో తేలింది. కాబట్టి వారం వారం తూకం పుస్తకం ఆసుపత్రి నుంచి వచ్చాక కూడా కొనసాగాలి. ఆరు చిన్న భోజనాలు కూడా.

కడుపు మొత్తం తీసినవారికి నోటి తిండిలోని బి12 మామూలు దారిలో ఒంటికి పట్టదు. కాలేయంలో నిల్వ కొన్నేళ్లు వస్తుంది కాబట్టి మొదట్లో తేడా తెలియదు. తర్వాత రక్తం తగ్గి, కాళ్ల తిమ్మిర్లు మొదలవుతాయి. ఆ తిమ్మిర్లు ఒక్కోసారి పూర్తిగా పోవు కూడా. అందుకని లక్షణాల కోసం ఎదురుచూడకుండా మొదటి నెలల్లోనే బి12 మొదలుపెట్టి జీవితాంతం తీసుకోవాలి. డిశ్చార్జి కాగితంలో ఆ ఇంజెక్షన్ తేదీలు రాసి లేకపోతే, కాగితం తీసుకునేటప్పుడే అడిగి రాయించుకోండి.